ఎండలు ముదిరేలోపు బావగారి బండి విప్పబోతున్న మేనల్లుడికి

పటమట, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉగాది సెలవుల్లో బావగారి స్ప్లెండర్‌ను ఇంటి దగ్గరే విప్పి, పూర్తిగా సర్వీసు చేయాలని నువ్వు అనుకుంటున్నట్టు మీ అమ్మ ఫోనులో చెప్పింది. బావగారికి కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి, అంటే సంక్రాంతి తరువాత, ఆ బండి వరండాలో కవరు కిందే నిలబడి ఉందని కూడా చెప్పింది. నువ్వు ఈ పనికి పూనుకోవడం నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను. ముప్పై అయిదేళ్ళుగా నా బండ్లు నేనే చేసుకుంటూ వస్తున్నాను కనుక, నాకు తెలిసింది నీకు వివరంగా రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను. అన్నిటికన్నా ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో. కొత్త సామాను వేయడం ఈ పనిలో సగమే. బండిలోంచి బయటికి వచ్చే పాత ఆయిలును, పాత స్పార్క్ ప్లగ్గును, బ్రేకు పొడిని నిదానంగా చూడడమే మిగిలిన సగం. ఆ బండి ఇన్నాళ్ళూ ఎలా నడిచిందో, రేపు ఎక్కడ ఇబ్బంది పెట్టబోతుందో అవే చెబుతాయి. చాలామంది వాటిని చూడకుండానే చెత్తబుట్టలో పడేస్తారు.

పని ఉదయం ఆరింటికే మొదలుపెట్టు. గుంటూరు ఎండలో పదకొండు దాటితే చేతికి చెమట పట్టి పానా జారుతుంది, మనసులో విసుగు పుడుతుంది, విసుగులో బిగించిన ప్రతి బోల్టూ అనుమానమే. నేల సమతలంగా ఉన్నచోట బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టు. 8 నుంచి 19 వరకు రింగు పానాల సెట్టు, ప్లగ్గు పానా, మంచి మొన ఉన్న స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, నూలు గుడ్డలు, ఒక వెడల్పాటి పాత టబ్బు దగ్గర పెట్టుకో. బండితోపాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ బావగారి బీరువాలో కాగితాల సంచిలో ఉంటుంది, అడిగి తీసుకో. నేను రాసిన కొలతకూ ఆ పుస్తకంలోని కొలతకూ తేడా కనిపిస్తే పుస్తకాన్నే నమ్ము. మీ అమ్మ వాడడం మానేసిన పాత ఇడ్లీ రేకు ఉంటే అడుగు. విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు, దాని వాషరు వేసుకుంటూ పోతే, బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకు వస్తే సరిపోతుంది. ఇప్పుడు ఫోనులో ఫోటోలు తీసుకునే సౌకర్యం ఉంది, దాన్నీ వాడుకో. అయినా ఇడ్లీ రేకును మించినది నాకు ఇంతవరకు దొరకలేదు.

మొదట పెట్రోలు సంగతి చూడు. రెండు నెలలకు పైగా నిలిచిన పెట్రోలు చెడిపోవచ్చు. అందులో ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇథనాల్ కలిసి ఉంటుంది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటర్ అడుగున ఉన్న చిన్న డ్రెయిన్ స్క్రూను వదులు చేసి, దాని గిన్నెలోని పెట్రోలును ఒక గాజు సీసాలోకి పట్టు. ఆ సీసాను వెలుతురుకు ఎత్తి చూడు. అడుగున నీటి బొట్లు కదులుతున్నా, గోధుమరంగు నలుసు కనిపించినా ట్యాంకు కూడా ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయాల్సిందే. పెట్రోలు పైపును రెండు వేళ్ళతో వంచి చూడు, పగుళ్ళు కనబడితే మార్చు, దాని ఖరీదు చాలా తక్కువ. ఈ పనంతా ఆరుబయటే చేయాలి. ఆ పూట తులసికోట దగ్గర దీపం, అగరొత్తులు వెలిగించవద్దని మీ అమ్మకు ముందే చెప్పు. ఈ విషయంలో మొహమాటపడకు.

తరువాత ఆయిలు. స్విచ్చి ఆపి ఉంచి నెమ్మదిగా నాలుగైదు సార్లు కిక్కు కొట్టి, ఆ తరువాత స్టార్టు చేసి, మూడు నాలుగు నిమిషాలు తిరగనిచ్చి ఆపు. ఆయిలు కాస్త వెచ్చబడితే పలచబడి, అడుగున పేరుకున్న మడ్డిని కూడా తీసుకుని బయటికి వస్తుంది. మరీ కాలిపోయేంత వేడి చేయకు, చేతులు కాలుతాయి. పైన ఆయిలు పోసే మూత తీసి, కింద టబ్బు పెట్టి, డ్రెయిన్ బోల్టు విప్పు. ధార సన్నబడి చుక్కలుగా మారేదాకా వదిలెయ్. అప్పుడు రెండు చుక్కలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడు. నల్లగా ఉండడం తప్పు కాదు, పనిచేసిన ఆయిలు నల్లబడుతుంది. ఇసుకలా గరగరలాడితే, బోల్టు మొనకు మెరిసే లోహపు పెచ్చులు అంటుకుని ఉంటే, అప్పుడు ఇంజను లోపల అరుగుదల ఉందని అర్థం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా విజయవాడ సింగ్‌నగర్ వైపు వేల బండ్లు మునిగినప్పుడు, తెలిసినవాళ్ళ బండ్ల నుంచి తీసిన ఆయిలు చూశాను. పాలు ఎక్కువైన టీలా తెల్లగా, నురగగా కారింది. ఆ రంగు కనిపిస్తే నీళ్ళు చేరాయని నిర్ధారణ. బావగారి బండి మునగలేదు కనుక ఆ భయం లేదు, కానీ ఆ రంగును గుర్తుపెట్టుకో.

బోల్టు తిరిగి బిగించేటప్పుడు చాలా జాగ్రత్త అవసరం. 1989లో నా మొదటి బండికి నేనే మొదటిసారి ఆయిలు మార్చాను. లీకు కాకూడదన్న ఆరాటంలో పానాకు ఒక ఇనుప గొట్టం తొడిగి బలమంతా పెట్టాను. ఒక్కసారిగా చేతిలో పట్టు పోయి పానా ఊరికే తిరగడం మొదలైంది. బోల్టు బయటికి లాగితే దాని చుట్టూ అల్యూమినియం మర, చీర అంచు నుంచి ఊడిన జరీ పోగులా, చుట్టుకుని వచ్చింది. ఆ ఆదివారం బండిని పటమట నుంచి ఆటోనగర్‌కు తోసుకుంటూ వెళ్ళి, ఆ రంధ్రాన్ని పెద్దది చేయించి బుష్ వేయించుకునేసరికి సాయంత్రమైంది. బోల్టు ఉక్కు, అది పట్టే ఇంజను కేసు అల్యూమినియం. అందుకే బోల్టును మొదట వేళ్ళతోనే పూర్తిగా తిప్పు, అడ్డం పడినట్టు అనిపిస్తే వెనక్కి తీసి మళ్ళీ పెట్టు. వాషరు కొత్తది వెయ్యి. అది ఆనిన తరువాత పానాను దాని తలకు దగ్గరగా పట్టుకుని, పావు చుట్టుకు మించకుండా గట్టిగా బిగిస్తే చాలు.

కొత్త ఆయిలు పుస్తకంలో చెప్పినదే కొను, డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) అన్న గుర్తు, అంటే మన బండి క్లచ్‌కు సరిపడే ఆయిలని చెప్పే గుర్తు, ఉందో లేదో చూడు. కారు ఆయిలు చవకగా వచ్చినా వద్దు. మన బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజను ఆయిలులోనే మునిగి తిరుగుతాయి, కార్లకు వాడే కొన్ని ఆయిళ్ళలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు కనుక క్లచ్ జారుతుంది. కొలిచే పుల్లను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, ఆయిలు రెండు గీతల మధ్యే, పై గీత దాటకుండా ఉండాలి. పాత ఆయిలును కాలువలోకి, మట్టిలోకి పోయవద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి ఉంచు, ఇక్కడ ఆటోనగర్‌లో పాత ఆయిలు కొనేవాళ్ళు ఉన్నారు, వచ్చేటప్పుడు తెస్తే ఇచ్చేద్దాం.

ప్లగ్గు తీసే ముందు దాని చుట్టూ ఉన్న మట్టిని గాలి ఊది శుభ్రం చెయ్, లేకపోతే ఆ ఇసుక సిలిండరులోకి జారుతుంది. ఇంజను పూర్తిగా చల్లారాకే విప్పు. మొన ఇటుకరంగులోనో, లేత కాఫీరంగులోనో ఉంటే బండి ఆరోగ్యంగా ఉంది. పొడి మసి కప్పి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, లేదా గాలి ఫిల్టరు మూసుకుపోయిందని అనుకో. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిలు పైకి వస్తోంది, అది మెకానిక్కుకు చూపించాలి. తెల్లగా పాలిపోయి ఉంటే ఇంజను అవసరానికి మించి వేడెక్కుతోంది, మన ఎండల్లో దీన్ని నిర్లక్ష్యం చేయకూడదు. నువ్వు రోజూ మిర్చి యార్డు వైపు నుంచే ఆఫీసుకు వెళ్తావు. సీజనులో ఆ లారీల దుమ్ము ఎంత ఉంటుందో నీకు నేను చెప్పనక్కరలేదు, అదంతా ముందు చేరేది గాలి ఫిల్టరులోకే. అది స్పాంజి రకమైతే సబ్బు నీళ్ళలో పిసికి, పిండకుండా అదిమి, నీడలో ఆరబెట్టి, కొద్దిగా ఆయిలు పట్టించి పెట్టు. కాగితం రకమైతే కడగవద్దు, కొత్తది వెయ్యి.

ఇక బ్రేకులు. ఆయిలు మార్చడంలో తప్పు జరిగితే డబ్బు పోతుంది, బ్రేకు దగ్గర తప్పు జరిగితే మనిషికే ప్రమాదం. అందుకే ఈ భాగానికి ఒక పూట పూర్తిగా కేటాయించు, ఆకలితో, తొందరలో చేయకు. వెనక చక్రం తీశాక డ్రమ్ములో ఉన్న నల్ల పొడిని నోటితో ఊదవద్దు, పాత బ్రేకు షూల (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి చక్రాన్ని ఆపే ముక్కల) పొడి ఊపిరితిత్తులకు చాలా హానికరం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారెయ్. షూలు రెండూ సమానంగా అరిగాయో లేదో చూడు. ఒకవైపే బాగా అరిగితే, వాటిని విప్పే కామ్ సరిగ్గా తిరగడం లేదేమో చూడు. దాన్ని తీసి శుభ్రం చేసి, బియ్యపు గింజంత గ్రీజు మాత్రమే రాయి. షూలకు గ్రీజు ఏమాత్రం తగిలినా ఆ షూలను వాడకు. నున్నగా అద్దంలా మెరుస్తున్న షూలను ఇసుక కాగితంతో మెల్లగా గరుకు చేస్తే పట్టు తిరిగి వస్తుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు బయట బాణం గుర్తు ప్లేటు మీది గీతను చేరితే షూల ఆయుష్షు అయిపోయింది, మార్చడమే.

చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు బ్రేకు ప్లేటును ఫ్రేముకు కలిపే టార్క్ రాడ్డు బోల్టును, దానికి పెట్టే పిన్నును ఎట్టి పరిస్థితుల్లోనూ మరచిపోకు. అది లేకుండా బయలుదేరితే, బ్రేకు తొక్కిన మరుక్షణం ప్లేటే చక్రంతోపాటు తిరిగి, చక్రం బిగుసుకుపోతుంది. ఈ బోల్టును బిగించాక ఇంట్లో ఎవరినైనా పిలిచి రెండోసారి చూపించు. బావగారిని పిలిస్తే మరీ మంచిది, కళ్ళు సహకరించకపోయినా ఆయన చేత్తో తడిమి చెప్పగలరు.

చైను కవరులో దాగి ఉండడం వల్ల దాన్ని అందరూ మరచిపోతారు. కవరు మీది రబ్బరు మూత తీసి, వేలితో పైకి కిందికి కదిపితే సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఆట ఉండాలి. చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడు. బాగా బిగుతుగా ఉన్నచోటే కొలత తీసుకో, లేకపోతే అక్కడ బేరింగులు దెబ్బతింటాయి. చైను బిగువు సరిచేసే అడ్జస్టరు గీతలు రెండువైపులా సమానంగా ఉండాలి. ఇంజను తిరుగుతుండగా చైను జోలికి ఎప్పుడూ వెళ్ళకు, వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను నేను ఎరుగుదును. చైను లాకు క్లిప్పు మూసి ఉన్న కొస బండి ముందుకు నడిచేటప్పుడు చైను సాగే దిక్కుకు ఉండాలి. చైను తిరిగే పళ్ళ చక్రాల, అంటే స్ప్రాకెట్ల, పళ్ళు ఒకవైపు వంగి కొక్కేల్లా కనిపిస్తే చైనును, రెండు స్ప్రాకెట్లను కలిపే మార్చు, ఒక్క చైను మారిస్తే పాత పళ్ళు దాన్ని కూడా త్వరలోనే పాడుచేస్తాయి.

బ్యాటరీ నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యి, వంటింట్లోని ఆర్వో నీళ్ళు పనికిరావు. విప్పేటప్పుడు నెగటివ్ వైరు ముందు, పెట్టేటప్పుడు చివర. టైర్లలో గాలి తెల్లవారుజామున, బండి నడపకముందే చూసుకో. టైరు పక్కన ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. బావగారి టైర్లు ఎంత పాతవో ఆయనను అడగకుండానే తెలిసిపోతుంది. క్లచ్ తీగ లీవరు దగ్గర పోగులు తెగుతోందేమో చూడు.

ట్యాపెట్ల సెట్టింగు, కుడివైపు కవరు లోపలి ఆయిలు జాలీ, కార్బొరేటర్ జెట్లు మాత్రం ఈసారి ముట్టుకోవద్దు. అవి నువ్వు చేయలేవని నా ఉద్దేశం కాదు. కవరు విప్పితే కొత్త గ్యాస్కెట్టు కావాలి, ట్యాపెట్టుకు ఫీలర్ గేజి కావాలి, అలవాటైన చెయ్యి పక్కన ఉండాలి. దసరాకు ఇక్కడికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చేద్దాం.

అంతా బిగించాక వెంటనే మంగళగిరి రోడ్డెక్కకు. మొదట మీ వీధిలోనే నడిచే వేగంతో రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడు. ఆ తరువాత అయిదు కిలోమీటర్లు తిరిగి వచ్చి, ఇరుసు నట్లు, డ్రెయిన్ బోల్టు, చైను ఆట మళ్ళీ చూసుకుని, ఇంజను కింద ఒక తెల్ల కాగితం పరచి రాత్రంతా వదిలెయ్. తెల్లవారి కాగితం మీద చుక్క లేకపోతే, ఆ ఉదయమే చల్లపూట బయలుదేరి మా ఇంటికి వచ్చెయ్, ఇడ్లీ తినేవేళకు చేరుకుంటావు. తీసిన పాత ప్లగ్గును, వాషరును, బ్రేకు షూలు మారిస్తే వాటిని కూడా పారెయ్యకుండా కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకుని రా. బావగారి బండి ఇన్నాళ్ళూ ఎలా నడిచిందో వాటిని చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య