జామియా మసీదు చూడబోయే ముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శ్రీకాకుళం జామియా మసీదు గురించి, దాని చుట్టూ ఉన్న పాత ఊరి గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేం హిందువులం. పిల్లల్నీ అత్తగారినీ తీసుకుని అరసవల్లి వస్తున్నాం. జామియా మసీదు కూడా చూడాలని ఉంది. లోపలికి రానిస్తారా? ఏ వేళకి వెళ్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

నమాజు జరగని వేళ వెళ్లి, గేటు దగ్గర అడిగి అడుగుపెడితే మసీదుల్లో సాధారణంగా కాదనరు. అడగవలసింది మౌజన్ గారిని, అంటే అజాన్ ఇచ్చే ఆయన్ని. ఆయన లేకపోతే కమిటీవాళ్లలో ఎవరో ఒకరు ఉంటారు. "చూసి వెళ్తామండీ, ఎంతవరకు రావచ్చు?" అని అడగండి. ఆ రెండో మాట మరిచిపోకండి. కొన్ని మసీదుల్లో ఆవరణ వరకే పంపిస్తారు, కొన్నిచోట్ల నమాజు చేసే హాల్లోకీ రమ్మంటారు. ఆడవాళ్ల విషయంలో ఒక్కో మసీదుది ఒక్కో పద్ధతి. పెద్దావిడ మెట్లన్నీ ఎక్కాక వెనక్కి రావలసి వస్తే ఆవిడకీ కష్టం, చెప్పేవాళ్లకీ కష్టం. నెలసరిలో ఉన్న స్త్రీలు నమాజు స్థలంలోకి వెళ్లకపోవడం అక్కడి ఆచారం. మీరూ పాటించండి.

ఇక వేళ సంగతి. ఐదు పూటల నమాజూ సూర్యుణ్ని బట్టి నడుస్తుంది. శ్రీకాకుళం హైదరాబాదుకి బాగా తూర్పున ఉంది కాబట్టి పొద్దు ఇక్కడ సుమారు 20 నిమిషాలు ముందు తిరుగుతుంది. ఫోన్లో హైదరాబాదు వేళలు చూసుకుని బయలుదేరినవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వచ్చేది నవంబరు మొదట్లో 11:40కి, ఫిబ్రవరిలో 12:10కి. అది దాటాక జొహర్, అంటే మధ్యాహ్నపు నమాజు, వేళ మొదలవుతుంది. మగ్రిబ్ అయితే పొద్దు కుంకిన వెంటనే. జూన్ చివర ఆరున్నర దాటాక, నవంబరు చివర ఐదుంబావుకే. వేసవిలో ఒకసారి చూసి వెళ్లినవాళ్లు అదే లెక్కన చలికాలం ఐదున్నరకి వస్తే సరిగ్గా జమాతు, అంటే అందరూ కలిసి చేసే నమాజు, మధ్యలోకి వస్తారు.

మసీదు గోడకి వరుసగా ఆరు గడియారాల బొమ్మలున్న బోర్డు సాధారణంగా కనబడుతుంది. ముళ్లు కదలవు. పాడైపోయాయనుకుంటారు కొత్తవాళ్లు. అవి ఇప్పటి టైము చూపే గడియారాలు కావు. ఫజర్ (తెల్లవారుజాము), జొహర్, అసర్ (పొద్దు వాలాక), మగ్రిబ్, ఇషా (రాత్రి), జుమా (శుక్రవారం) జమాతులు ఎన్నింటికి మొదలవుతాయో చూపించడానికి ముళ్లు చేత్తో తిప్పి పెడతారు. రుతువు మారినకొద్దీ మారుస్తారు. లోపలికి వెళ్లగానే ముందు ఆ బోర్డు చూడండి. తర్వాతి జమాతుకి అరగంట ముందే బయటపడేలా లెక్క వేసుకోండి. ఆ అరగంటలో జనం వజూకి, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడానికి, వస్తారు, సఫ్‌లు, అంటే వరుసలు, కడతారు. అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డా అడ్డే.

మా సలహా: ఉదయం 9 నుంచి 11 మధ్య వెళ్లండి. ఫజర్ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, జొహర్‌కి ఇంకా టైము ఉంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. కాబా మనకి పడమర దిక్కున, కాస్త ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. అందుకే ఇక్కడి మసీదుల్లో మిహ్రాబ్, అంటే కాబా దిక్కు చూపే గూడు, పడమటి గోడలో, ముఖద్వారం తూర్పు వైపున ఉంటాయి. ఉదయపు ఎండ తిన్నగా ముఖభాగం మీద పడుతుంది, గచ్చు పని స్పష్టంగా కనబడుతుంది. మధ్యాహ్నం దాటితే ముందు భాగమంతా నీడలోకి పోతుంది. పొద్దుట కుదరకపోతే రెండున్నర నుంచి అసర్ జమాతుకి అరగంట ముందు వరకు ఫరవాలేదు. శుక్రవారం పన్నెండు నుంచి రెండున్నర దాకా మాత్రం వద్దు. రంజాన్ నెలలో సాయంత్రాలు ఇఫ్తార్ హడావిడి, రాత్రి తరావీహ్ అనే ప్రత్యేక నమాజు ఉంటాయి. ఆ నెలలో పొద్దుట వేళే మంచిది.

అరసవల్లి ఊరికి 2 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆదివారం అక్కడ రద్దీ ఎక్కువ. శనివారమో సోమవారమో పెట్టుకుని, తెల్లవారుజామున సూర్యనారాయణస్వామి దర్శనం, తర్వాత నాగావళి ఒడ్డున ఉమారుద్ర కోటేశ్వరాలయం, తొమ్మిదిన్నరకి మసీదు అనుకుంటే అత్తగారికి ఎండ తగలకుండా మూడూ అవుతాయి. రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగాలి. ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. అక్కడినుంచి ఊళ్లోకి ఇంకా 13 కిలోమీటర్లు ఉందని ముందే లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: బట్టలు, చెప్పులు, ఫోటోల విషయంలో నియమాలు ఏమిటి? కొబ్బరికాయ, పూలు తీసుకెళ్లాలా?
– ఒక పాఠకుడు, టెక్కలి

కొబ్బరికాయ, పూలు, అగరొత్తులు ఏవీ అక్కర్లేదు. మసీదులో అర్పించే పద్ధతి లేదు. ఇవ్వాలనిపిస్తే చందా పెట్టెలో వేయండి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు కావాలి. నిక్కరుతో మగవాళ్లు కూడా వెళ్లకూడదు. ఆడవాళ్లు తలమీద చున్నీయో పైటకొంగో వేసుకుంటే చాలు, మగవాళ్లకి చేతిరుమాలు సరిపోతుంది. చెప్పులు గడప బయటే వదలాలి. అడుగుకి అడుగు ఆనించి జతగా పట్టుకుని అరల్లో పెడితే మట్టి రాలదు. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటితే రాతి పరుపు అరికాళ్లని మాడ్చేస్తుంది. సంచిలో ఒక జత మేజోళ్లు పెట్టుకోండి.

ఎవరైనా ఒంటరిగా నమాజు చేసుకుంటూ ఉంటే వారి ముందునుంచి దాటవద్దు. వెనకనుంచి వెళ్లండి, దారి లేకపోతే ఆగండి. సలాం చెప్పి ముగించడానికి ఎక్కువసేపు పట్టదు. ఖురాన్ ప్రతులున్న అరల వైపు కాళ్లు చాపి కూర్చోకూడదు, వజూ లేకుండా ఆ ప్రతుల్ని తాకకూడదు. కట్టడం ఫోటోలు అడిగి తీసుకోండి, ప్రార్థనలో ఉన్న మనుషుల్ని తీయవద్దు.

ప్రశ్న: ఈ మసీదు ఎవరు కట్టించారు? మా బొబ్బిలికీ దీనికీ సంబంధం ఉందంటారు, నిజమేనా? పాత మసీదుల రాతిపలకల మీద తేదీలు చదవడం ఎలాగో కూడా చెప్పండి.
– ఒక డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

కట్టించినది షేర్ మహమ్మద్ ఖాన్. గోల్కొండ కుతుబ్‌షాహీల తరఫున శ్రీకాకుళంలో ఫౌజుదారుగా, అంటే సైన్యంతో ప్రాంతాన్ని పాలించే అధికారిగా, ఉన్నవాడు. పాత గెజిటీర్లు 1641 అని ఇస్తున్నాయి. అప్పటికి గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్నాడు. శ్రీకాకుళం అప్పుడు ఒక సర్కారుకి, అంటే గంజాం వైపు దాకా సాగిన పెద్ద ప్రాంతానికి, పాలనా కేంద్రం. ఉత్తర సర్కారులు ఐదింటిలో చికాకోల్ సర్కారు అని పుస్తకాల్లో చదివేది ఇదే. గుల్షనాబాద్ అనే పేరూ ఈ ఊరికి ఉండేది. పూలతోటల ఊరు అని అర్థం. ఫౌజుదారు ఉండే ఊరికి శుక్రవారం అందరూ ఒకచోట చేరే పెద్ద మసీదు కావాలి. జామియా అన్న మాటకి అర్థం అదే. నాలుగు వీధులకి ఒకటిగా ఉండే చిన్న మసీదులకీ దీనికీ తేడా అది.

బొబ్బిలి సంబంధం ఉంది. బొబ్బిలి సంస్థానానికి మూలపురుషుడు షేర్ మహమ్మద్ ఖాన్ దండుతో వెలమ వీరుడిగా ఈ వైపుకి వచ్చాడని, ఖాన్ పేరులోని 'షేర్' (పులి) అన్న మాటకి గౌరవంగా తన కోట ఊరికి పెద్దపులి, బెబ్బులి అని పేరు పెట్టాడని, అదే బొబ్బిలి అయిందని ఆ వంశం కథనం. విజయనగరం పూసపాటివారి మూలపురుషుడు మాధవవర్మ కూడా 1652లో ఇదే ఫౌజుదారు వెంట వచ్చి కుమిలి వైపు స్థిరపడ్డాడు. 1757లో ఒకరితో ఒకరు తలపడిన రెండు సంస్థానాలూ ఒకే ఫౌజుదారు నీడన మొదలయ్యాయన్న మాట. మసీదు ముందు నిలబడినప్పుడు ఇది గుర్తు చేసుకుంటే మీ ఊరి చరిత్ర మీకు ఇంకో వైపునుంచి కనబడుతుంది.

రాతిపలకల సంగతి. లిపి కుడినుంచి ఎడమకి నడిచినా అంకెలు మాత్రం మనలాగే ఎడమనుంచి కుడికి చదవాలి. ఒకటి నిలువుగీత, సున్నా ఒక చుక్క, పారసీ పద్ధతిలో ఐదు తలకిందులు చేసిన గుండె ఆకారం. ఏడు కిందికి కొస దిగిన రెండు గీతలు, ఎనిమిది అదే బోర్లించినది. గీత, చుక్క, తలకిందుల గుండె, గీత కనబడితే అది 1051. ముస్లిముల హిజ్రీ శకపు సంవత్సరమది. చాంద్రమాన సంవత్సరం మన సంవత్సరం కన్నా 11 రోజులు తక్కువ కాబట్టి నేరుగా 622 కలిపితే తప్పు వస్తుంది. ముందు నూటికి మూడు చొప్పున తీసేయాలి. 1051లో సుమారు 32 తీస్తే 1019, దానికి 622 కలిపితే 1641. ఒక ఏడాది అటూ ఇటూ రావచ్చు. కొన్ని పలకల మీద అంకెలే ఉండవు, చివరి పద్యపాదంలోని అక్షరాల విలువలు కూడితే సంవత్సరం వస్తుంది. బిస్మిల్లాకి 786 అని రాసేది ఈ అక్షరాల లెక్కతోనే.

చుక్క విషయంలో జాగ్రత్త. రాతిలో గుంట పడినా సున్నాలాగే కనబడుతుంది. ఎండ పక్కనుంచి పడే పొద్దుటి వేళో, టార్చి పక్కనుంచి పట్టో చూస్తే చెక్కిన చుక్క అంచు గుండ్రంగా తేలుతుంది. పలక మీద సుద్ద రుద్దడం, నూనె రాయడం, ఆసిడ్‌తో కడగడం ఎప్పుడూ చేయకండి.

ప్రశ్న: మా ఊళ్లో ఓ చిన్న పాత మసీదు ఉంది. కింద మూడడుగుల వరకు గచ్చు ఉబ్బి రాలిపోతోంది. ఏటా సిమెంటు పూస్తున్నాం, ఏటా ఊడిపోతోంది. పాత మసీదులు నాలుగు వందల ఏళ్లు ఎలా నిలిచాయి?
– మసీదు కమిటీ సభ్యుడు, చీపురుపల్లి దగ్గర పల్లె

సున్నంతో నిలిచాయి. మీరు సిమెంటు పూయడమే ఊడిపోవడానికి సగం కారణం.

పాత గోడ ఇటుక, రాయి, డంగు సున్నంతో కట్టింది. కింద పునాదికి తేమ అడ్డుపొర ఉండదు. నేలలో నీరు గోడలోకి ఎక్కుతుంది, సున్నపు గచ్చు గుండా ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీరు ఇంకా పైకి ఎగబాకుతుంది, దానితో వచ్చిన ఉప్పు సిమెంటు వెనక గడ్డకట్టి పెచ్చుని బయటికి నెడుతుంది. మీ గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే అదే. అందుకే పెచ్చు ఊడేది ఏటేటా ఇంకా పైకి పాకుతుంది.

ముందు నీటిని ఆపండి, తర్వాతే గచ్చు. మసీదుల్లో మామూలు దోషి వజూ కుళాయి. గోడకి ఆనించి కుళాయిలు బిగిస్తారు, రోజుకి ఐదుసార్లు నీళ్లు గోడ మొదట్లోకి పోతాయి. వాటిని గోడకి దూరంగా జరిపి, వాలుగా కాలువ కట్టండి. బయట రోడ్డు ఎత్తు పెరిగి లోపలి నేల కన్నా పైకి వచ్చిందేమో చూడండి. వస్తే గోడ వెంబడి మట్టి తవ్వి దించాలి. కప్పు మీది గొట్టాల నోళ్లు గోడకి ఒక అడుగైనా ముందుకి ఉండాలి.

తేమ నేలనుంచే వస్తోందో లేదో తేల్చుకోడానికి అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకి అతికించి రెండు రోజులు వదలండి. గోడ వైపు చెమ్మ పడితే నీరు గోడలోదే. బయటి వైపు పడితే అది గాలిలోది, అప్పుడు కిటికీలు తెరిస్తే సరిపోతుంది.

తర్వాత సిమెంటు పెచ్చంతా తట్టి తీసేసి, ఆరుగా ఉన్న బ్రష్‌తో ఉప్పు దులిపేయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. ఒక వేసవి అలా వదిలేస్తే ఇంకా మంచిది. కొత్త గచ్చుకి ఒక పాలు సున్నం, మూడు పాళ్లు జల్లించిన ఏటి ఇసుక. సముద్రపు ఇసుక వాడితే ఉప్పుని మీరే తెచ్చి పెట్టినట్టు. సున్నం రాళ్లు చల్లార్చాక గుంటలో నీటి కింద కనీసం ఒక నెల నానాలి. ఆత్రంగా వాడితే చల్లారని పలుకులు గోడలోనే పగిలి బొబ్బలు వస్తాయి. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కొద్దిగా కలపడం పాతవాళ్ల పద్ధతి. ఒక్కో పూత అర అంగుళానికి మించకూడదు. వారం పది రోజులు గోనె తడిపి కప్పి ఉంచాలి. పైన వెల్లకి కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు, ఒక రాత్రి నానబెట్టి, బట్టలో వడగట్టి, పల్చగా మూడు పూతలు. గట్టిగా పట్టాలని కొందరు వెల్లలో ఉప్పు వేస్తారు. వద్దు. ఎనామిల్, ప్లాస్టిక్ రంగులు అసలు వద్దు, అవి కూడా సిమెంటులాగే గోడ ఊపిరి ఆపేస్తాయి.

ప్రశ్న: మసీదు చూశాక చుట్టుపక్కల ఇంకేం చూడొచ్చు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

నడిచి తిరగండి, పేర్లు చదవండి. గుజరాతీపేట అన్న పేరులోనే వర్తకులు ఎంత దూరంనుంచి వచ్చి చేరారో ఉంది. ఒకప్పుడు ఈ ఊరి సన్నటి మస్లిన్ బట్టకి మంచి పేరు. 1791 కరువు ఊరిని దాదాపు ఖాళీ చేసింది, 1866లో మళ్లీ కరువు వచ్చింది, 1876 వరదలో నాగావళి మీది వంతెన ఆరు కమానులు కొట్టుకుపోయాయి. ఇన్ని దెబ్బలు తిన్న ఊళ్లో పాత ఇళ్లు తక్కువ మిగిలాయి. అందుకే వీధి చివర ఒక పాత అరుగు, చెక్కిన ద్వారబంధం కనబడితే ఆగి చూడండి, ఇంటివాళ్లని అడక్కుండా ఫోటో తీయకండి.

సన్నబట్ట సంప్రదాయం ఇంకా బతికి ఉన్నది పొందూరులో, ఊరికి 20 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో దూదిని ఏకుతారు. ఆ దవడలో దువ్వెన పళ్లలా సన్నగా ఉండే పళ్లలోంచి పత్తి పోగులు లాగుతుంటే చెత్త, పొట్టి పోగులు వేరుపడతాయి. చేతిలో పట్టుకుని చూడండి, మస్లిన్ ఎలా సాధ్యమైందో ఏ పుస్తకం కన్నా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: విజయనగరం బాబామెట్ట దర్గాకీ ఇవే నియమాలా?
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల

బట్టలు, చెప్పుల నియమం అదే. తలమీద గుడ్డ కూడా. తక్కినవి వేరు. మసీదు నమాజుకి, దర్గా ఒక వలీ, అంటే ముస్లిం మహాత్ముడి, సమాధి. ఖాదర్ వలీ బాబా సమాధి దగ్గర పూలు, చాదరు సమర్పిస్తారు, ఫాతిహా అనే ప్రార్థన చదివిస్తారు, అన్ని మతాలవాళ్లూ మొక్కులు తీర్చుకుంటారు. ఉరుసు, అంటే వలీ వర్ధంతి ఉత్సవం, రోజుల్లో జనం బాగా ఎక్కువ. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రోజులు కాక మామూలు రోజు పొద్దుటే వెళ్లండి.