కేదార్‌కంఠ ట్రెక్: ఏ కంపెనీలో బుక్ చేసుకోవాలి?

డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి వెళ్లడానికి రెండు కంపెనీలను చూశారు, రేటు తక్కువ చెప్పినవాళ్లు మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నారు, ఏం చేయాలని అడిగారు కదా. ఇప్పుడే కట్టకండి. అడ్వాన్స్ కొంత ఇచ్చి, మిగతాది ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీలో ఇస్తానని చెప్పి చూడండి.

అసలు చూడాల్సింది రేటు కాదు, మీతో నడిచే గైడ్ ఎవరన్నది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో కోర్సు చేశారా, ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా, ఒక గైడ్‌కి ఎంతమంది అని అడగండి. శిఖరం 12,500 అడుగులు. ఆ ఎత్తులో తలనొప్పి, వాంతులు మొదలైతే వెంటనే కిందికి దించాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌తో రక్తంలో ఆక్సిజన్ రోజూ చూస్తారా, ఆక్సిజన్ సిలిండర్ క్యాంపులోనే ఉంటుందా అన్నది వాట్సాప్‌లో రాసి ఇమ్మనండి. ఫోన్లో చెప్పిన మాట తర్వాత నిలబడదు. "అన్నీ మేం చూసుకుంటాం సార్" అని దాటేస్తే ఆ కంపెనీని వదిలేయండి.

మంచులో జారకుండా బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్, అటవీశాఖ పర్మిట్ ప్యాకేజీలో ఉన్నాయో లేదో కనుక్కోండి. రేట్లలో తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. మంచు ఎక్కువై ట్రెక్ ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా, వేరే తేదీ ఇస్తారా అన్నదీ ముందే తేల్చుకోండి.

ఇంకోటి, సాంక్రీ నుంచి డెహ్రాడూన్‌కి దాదాపు 200 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పగలంతా పడుతుంది. హైదరాబాద్ ఫ్లైట్ మర్నాటికి పెట్టుకోండి.