సీసా మీద ఊరి పేరు రాయి బిడ్డా

బిడ్డా,

నువ్వు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) డిప్లొమాకి ఎక్స్‌టెండెడ్ ఎస్సే, అదే ఆ పెద్ద పరిశోధన వ్యాసం, కెమిస్ట్రీలో రాస్తున్నావని, అదీ మన నల్లగొండ నీళ్ళ ఫ్లోరైడ్ మీదనని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇక్కడి పిల్లలకు కెమిస్ట్రీ చెప్పుకుంటూ బతికినవాణ్ణి. నా మనవరాలు ఈ నీళ్ళ దగ్గరికే వస్తోందంటే గుండె నిండిపోయింది. వెనకాలే దిగులూ పట్టుకుంది. తెల్లారేదాకా ఆగలేక రాస్తున్నా.

మామూలు సంగతులు మీ టీచర్లు చెప్పే ఉంటారు. 4,000 పదాలు దాటితే ఆపైన పరీక్షకులు చదవరు. సూపర్‌వైజర్ నీకిచ్చేది మొత్తం మూడు నుంచి ఐదు గంటలు, పూర్తి డ్రాఫ్టు మీద అభిప్రాయం చెప్పేది ఒక్కసారే. కాబట్టి సగం ఉడికింది వాళ్ళ ముందు పెట్టకు. ఈ ఎస్సేకి అన్నిటికంటే కిందిదైన ‘ఇ’ గ్రేడు వచ్చిందా, మిగతా సబ్జెక్టుల్లో ఎన్ని పాయింట్లున్నా డిప్లొమా చేతికి రాదు.

‘నల్లగొండలో ఫ్లోరైడ్ సమస్య’ అని మొదలుపెట్టావట. అది ప్రశ్నే కాదు. దాని మీద ఎంతైనా రాయొచ్చు, ఏదీ తేలదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి నీళ్ళు తేర్చే నల్లగొండ టెక్నిక్ ఉంది కదా, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరీ’ వాళ్ళు రూపొందించింది. పటిక మోతాదు మారిస్తే తేరిన నీళ్ళలో ఎంత ఫ్లోరైడ్ మిగులుతుంది? ఇది పట్టుకో. స్కూల్ ల్యాబులో నీ చేతుల మీదుగా తేలుతుంది.

ఇందులో ఒక మోసం ఉంది, జాగ్రత్త. పటిక వేసిన నీళ్ళలో కాస్త అల్యూమినియం మిగులుతుంది. అది ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని కూర్చుంటుంది. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్‌కేమో విడిగా ఉన్న ఫ్లోరైడే కనిపిస్తుంది. అంటే అసలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. టైసాబ్ బఫర్ కలిపితేనే ఆ పట్టు వదులుతుంది. శాంపిళ్ళలోనూ, ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణాల్లోనూ ఒకే పాళ్ళలో కలపాలి. మరిచిపోయావంటే నీళ్ళు బాగుపడ్డాయని రాసేస్తావు, ఫ్లోరైడ్ మాత్రం గ్లాసులోనే ఉంటుంది. శాంపిల్ పట్టేది ప్లాస్టిక్ సీసాలోనే, గాజుది వద్దు.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి. మీ అమ్మే రాయమంది, లేకపోతే రాసేవాణ్ణి కాదు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మీ అమ్మ మర్రిగూడ వైపు ఊళ్ళలో బోరింగు నీళ్ళు పట్టుకొచ్చింది. అప్పటికి నల్లాల్లో కృష్ణా నీళ్ళు లేవు, బోరింగే దిక్కు. సీసాలకు కాగితం ముక్కలు అంటించి ఇంకు పెన్నుతో ఊరి పేరు రాసి, థర్మకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టింది. ఇంటికొచ్చేసరికి ఐసు కరిగి, సగం కాగితాలు ఊడి అడుగున ముద్దై ఉన్నాయి. ఉన్నవాటి మీద నీలం మరకలే. నోటుబుక్కులో వరస రాసుకుందా అంటే అదీ లేదు. నాకు చెబితే తిడతానని, గుర్తున్నంతలో ఇది ఫలానా ఊరిది, ఇది బడి పక్కది అని పేర్లు పెట్టేసింది. టేబుల్ ముచ్చటగా వచ్చింది. మన కింద ఉన్నది గ్రానైటు రాయి, పక్కపక్క బోరింగుల్లోనే ఒకదాంట్లో తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ ఉంటుంది. ఏ అంకె ఏ ఊరికి తగిలించినా నమ్మేట్టే ఉంటుంది. అక్కడే ఉంది ప్రమాదం.

వైవాలో ఎగ్జామినర్ తప్పేమీ పట్టలేదు, ఫీల్డ్ నోట్సు చూపించమన్నాడంతే. పిల్ల ఏడ్చేసింది. ఇంటికొచ్చి చెబితే నేను నోటికొచ్చినట్టు తిట్టాను. తెల్లారి స్కూటర్ తీసి, ఎక్కు అన్నాను. మళ్ళీ ఆ ఊళ్ళన్నీ తిరిగాం. ఒకచోట నడుము వంగిపోయిన అవ్వ మీ అమ్మను గుర్తుపట్టి, “మొన్న పట్కపోయిన నీళ్ళ సంగతి ఏమైంది బిడ్డా, తాగొచ్చా?” అనడిగింది. మీ అమ్మ నోట మాట రాలేదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగకూడదు. ఊహతో రాసిన పేరు ఆ అవ్వ బోరింగుకు పడి ఉంటే, పాడు నీళ్ళే మంచివని చెప్పి వచ్చేవాళ్ళం.

అందుకే నీకు గట్టిగా చెబుతున్నా. వాటర్‌ప్రూఫ్ మార్కరుతో సీసా ఒంటి మీదే నంబరు వెయ్యి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. ఊరు, తేదీ, టైము, బోరింగా మోటారు బోరా అన్నీ అక్కడే నిలబడి నోటుబుక్కులో పెన్సిలుతో రాయి. పెన్సిలు తడికి చెదరదు. ఒక రీడింగు పోయిందా, పోయిందని ఎస్సేలో రాసెయ్యి. కంప్యూటర్‌ను అడిగి ఖాళీ గడి నింపకు. గడి ఖాళీగా ఉంటే ఓ మార్కు పోతుందేమో, పోనీ. నువ్వు ఏ గ్రేడు తెచ్చుకున్నా నా మనవరాలివే, ఆ భయం నీకు వద్దు.

ఎవరి బోరింగు నీళ్ళు పట్టావో వాళ్ళకు ఫలితం తెలుగులో చీటీ మీద రాసి ఇవ్వాలి. ఆ చీటీలు నేను రాసి పెడతా, అంకెలు నువ్వు నింపు. ఎండలు ముదరకముందే రా. ఊళ్ళకు ఒక్కదానివే వెళ్తానంటే మాత్రం ఒప్పుకోను. పాడుబడ్డ బావుల దరికి అసలే పోవద్దు. పొద్దున ఆరింటికే బయల్దేరుదాం. అమ్మమ్మ జొన్నరొట్టెలు కట్టిస్తానంటోంది.

మీ తాతయ్య