పీజీ పూర్తయిన తర్వాతే అశోక్‌నగర్

చిరంజీవి మేనకోడలికి పెద్దమామ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి ఏడాదితోనే ఆపేసి గ్రూప్‌-1 కోచింగ్‌కు హైదరాబాద్‌లోని అశోక్‌నగర్ వెళ్లాలని నిశ్చయించుకున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. డిప్యూటీ కలెక్టర్ కావాలన్న నీ కోరిక విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న మీ అమ్మను ఇంటర్‌కు నల్లగొండ పంపడానికి మీ తాత ఒప్పుకోలేదు; ఆ తల్లి కడుపున పుట్టిన బిడ్డ ఒక డివిజన్ పరిపాలించాలని అనుకోవడం మా అందరికీ గౌరవమే. కానీ చదువును మధ్యలో వదిలి వెళ్తానన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను.

పొద్దున్నే లేవడం, ఫోన్‌కు దూరంగా ఉండడం, వేళకు తినడం వంటివి నీకు నేను నేర్పనక్కర లేదు. నేను చెప్పదలచుకున్నది మీ చిన్నమామ గురించి.

ఇప్పుడు మిర్యాలగూడలో ప్రైవేటు బడిలో సోషల్ పాఠాలు చెప్పే చిన్నమామను చూసి, ఆయన మొదటి నుంచీ టీచర్ కావాలనుకున్న మనిషే అని నువ్వు అనుకుంటూ ఉండవచ్చు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో గ్రూప్‌-1 నోటిఫికేషన్ వెలువడినప్పుడు వాడు బీఈడీ చదువుతున్నాడు. అప్పట్లో బీఈడీ ఒక్క ఏడాది కోర్సే. టీచింగ్ ప్రాక్టీసు అయిపోయింది, రికార్డులు రాయడం పూర్తయింది, ఇక మిగిలింది పరీక్షలు మాత్రమే. ఆ పరీక్షలకు చదివితే ప్రిలిమ్స్‌కు సమయం చాలదని, పెద్ద ఉద్యోగం వచ్చాక ఈ బీఈడీతో పనేమిటని, ఎవరికీ చెప్పకుండా హాల్‌టికెట్ కూడా తీసుకోకుండా బస్సెక్కి హైదరాబాద్ వెళ్లిపోయాడు. వాడు తెలివితక్కువవాడు కాదు, సోమరి అంతకన్నా కాదు. ప్రిలిమ్స్ గట్టెక్కాడు, మెయిన్స్ బాగా రాశాడు. ఆ పరీక్ష వివాదం న్యాయస్థానాలకు చేరి, చివరికి 2016లో అభ్యర్థులు మళ్లీ రాయవలసి వచ్చింది. ఆ మధ్య కాలమంతా మీ తాత పత్తి అమ్మిన డబ్బులో నుంచి గది కిరాయికి, మెస్‌కు నెలనెలా పంపుతూనే ఉన్నాడు. వాడు ప్రతి దసరాకూ వచ్చి ‘వచ్చే ఏడాది తేలిపోతుంది బాపూ’ అని చెబుతూనే ఉన్నాడు. రెండోసారి రాసిన పరీక్షలో ఎంపిక కాలేదు.

బిడ్డా, ఎంపిక కాకపోవడం తప్పు కాదు. వేలమంది రాసే పరీక్షలో కొద్దిమందే నెగ్గుతారు. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. 2017 అక్టోబరులో 8,792 టీచర్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ వచ్చింది. బీఈడీలో వాడి పక్క బెంచీలో కూర్చున్న మిత్రుడు ఫోన్ చేసి, వాడు రాసుకున్న మెథడాలజీ (బోధన పద్ధతుల) నోట్సు పంపమని అడిగాడు. ఆ క్లాసులో అంత శుభ్రంగా నోట్సు రాసినవాడు మరొకడు లేడు. వాడు ఆ పుస్తకాలను అట్టపెట్టెలో పెట్టి ఆర్టీసీ పార్సిల్‌లో పంపించాడు. ఆ నోట్సు చదివిన మిత్రుడు స్కూల్ అసిస్టెంట్ టీచర్ అయ్యాడు. నోట్సు రాసిన మా తమ్ముడికి మాత్రం దరఖాస్తు చేయడానికే అర్హత లేదు. తర్వాత మళ్లీ బీఈడీలో చేరేసరికి అది రెండేళ్ల కోర్సు అయింది. తనకన్నా పదేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చుని దాన్ని పూర్తి చేశాడు. ఈ సంగతి వాడు నీకు ఎన్నడూ చెప్పడు. వాడిని అడిగి బాధపెట్టవద్దు.

ఇప్పుడు కాలం మారిందని నువ్వు అనవచ్చు, కానీ ఏం జరిగిందో చూడు. తెలంగాణలో మొదటి గ్రూప్‌-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, అక్టోబరులో గాని మెయిన్స్ జరగలేదు. ఆ రెండున్నరేళ్లూ చేతిలో ఏదో ఒక అర్హతో, చిన్నదైనా ఉద్యోగమో ఉన్నవాళ్లు నిబ్బరంగా చదువుకోగలిగారు. 2024లో గరిష్ఠ వయసును 46 ఏళ్లకు పెంచారు. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి అది మేలే. కానీ ఇంకా సమయం ఉందిలే అనిపించి, ఏళ్లకు ఏళ్లు ఒకే గదిలో గడిపేలా చేసేదీ అదే.

మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో నీకు మిగిలింది రెండు సెమిస్టర్లు. అవి పూర్తయితే జూనియర్ లెక్చరర్ పోస్టుకు నీకు అర్హత వస్తుంది. 2022 డిసెంబరులో ఆ పోస్టులు 1,392 పడ్డాయి. లెక్చరర్ అర్హతకు, పరిశోధన ఫెలోషిప్‌కు పెట్టే సీఎస్‌ఐఆర్ నెట్ రాయవచ్చు. చౌటుప్పల్ దగ్గర, జడ్చర్ల పోలేపల్లిలో ఉన్న మందుల కంపెనీలు క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లోకి కెమిస్ట్రీ పీజీ చేసినవారిని తీసుకుంటాయి. మధ్యలో ఆపితే ఈ మూడు దారులూ మూసుకుపోతాయి.

ఆ రెండు సెమిస్టర్లలో గ్రూప్‌-1 చదువు ఆగనక్కర లేదు. మెయిన్స్‌లో ఆరు పేపర్లు, ఒక్కొక్కటి 150 మార్కులకు, మూడేసి గంటలు. ఇంగ్లిష్ వేరుగా పాసయితే చాలు. ఇంటర్వ్యూ తీసేశారు కనుక మన భవిష్యత్తంతా మనం రాసే జవాబుల మీదే ఉంటుంది. రోజుకు ఒక్క జవాబైనా గడియారం చూసుకుంటూ కాగితం మీద రాయి. కోచింగ్ నోట్సు బట్టీ పట్టి అందరూ ఒకే జవాబు రాస్తారు. నీకు తెలిసిన నేలను నీ జవాబులోకి తీసుకురా. సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్లో నీటి కాలుష్యం గురించి అడిగారనుకో. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఎవరైనా రాస్తారు. నువ్వు మన జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన నల్లగొండ టెక్నిక్‌ను వివరించగలవు: పటిక, సున్నం కలిపినప్పుడు ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలు ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఎలా అడుగుకు చేరతాయో, మిగిలిన బురదను ఏం చేయాలన్న చిక్కు ఎందుకు వస్తుందో, ఊరూరా కృష్ణా నీళ్లు ఇవ్వవలసిన అవసరం ఎందుకు వచ్చిందో. అది కెమిస్ట్రీ చదివిన నల్లగొండ బిడ్డ రాసే జవాబు. తెలుగు అకాడమీ పుస్తకాలు, బడ్జెట్‌తో పాటు ప్రభుత్వం ఏటా ప్రచురించే సామాజిక ఆర్థిక ముఖచిత్రం (సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్) జిల్లా గ్రంథాలయంలో కూర్చుని చదువుకో. నోట్సు నువ్వే రాసుకో.

ఇక సర్టిఫికెట్ల సంగతి. దీన్ని చాదస్తం అనుకోవద్దు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఉన్న చదువులో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివావో చూసి స్థానికత తేలుస్తారు. ఆ ఉత్తర్వుల కింద 95 శాతం పోస్టులు స్థానికులకే. మీ బాపు ఉద్యోగం మూలంగా నువ్వు నాలుగో తరగతి దాకా తుంగతుర్తిలో చదివావు. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు తుంగతుర్తి సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది. ఇల్లు నల్లగొండలో ఉన్నా, జిల్లా పోస్టులకు నువ్వు సూర్యాపేట స్థానికురాలివి. రెండూ కొన్ని జిల్లాలు కలిసిన యాదాద్రి జోన్‌లోనే ఉన్నాయి కనుక జోనల్ పోస్టులకు మాత్రం తేడా రాదు. తుంగతుర్తిలో నువ్వు చదివింది చిన్న ప్రైవేటు బడి. అలాంటి బడులు మూతపడితే, అక్కడ చదివినట్టు ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ తిరగాలి. ఈ వారంలోనే వెళ్లి తెచ్చుకో. ఒరిజినల్స్ మాత్రం ఏ కోచింగ్ సెంటర్ చేతికీ ఇవ్వకు. కాలేజీలు సైతం వాటిని తమ దగ్గర అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది.

నీ మీద నమ్మకం లేక ఇదంతా రాయడం లేదు, తల్లీ. పీజీ చేతికొచ్చిన మరునాడు నువ్వు వెళ్తానంటే నేను అడ్డు చెప్పను. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లేంత దగ్గరలో ఆడపిల్లల హాస్టల్ చూడడానికి నేనే నీ వెంట వస్తాను. మొదటి ఏడాది హాస్టల్ ఖర్చు నా పెన్షన్‌లో నుంచి ఇస్తానని మీ బాపుతో ఇప్పటికే చెప్పాను. ముందు మూడో సెమిస్టర్ ఫీజు గడువు ఎప్పుడో కనుక్కుని కట్టు. కట్టిన రసీదు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు.

ఇట్లు,
నీ పెద్దమామ