అసోసియేట్ సెషన్ చేస్తే క్లెయిమ్‌లో ఎవరి పేరు ఉండాలి?

టెక్సస్‌లో ఎల్‌పీసీ అసోసియేట్ (సూపర్‌వైజర్ కింద పనిచేసే కౌన్సెలర్) లైసెన్స్ వచ్చిందని, చేరబోయే గ్రూప్ ప్రాక్టీస్ వాళ్లు "మీ సెషన్లు సూపర్‌వైజర్ ఎన్‌పీఐ మీద బిల్ చేస్తాం, అందరూ చేసేదే" అంటున్నారని, అది సరైనదేనా అని అడిగారు. ఎన్‌పీఐ అంటే అమెరికాలో వైద్య సేవలు అందించేవాళ్లకి ఉండే గుర్తింపు నంబర్. కొన్ని ఇన్సూరెన్స్ ప్లాన్లు దానికి ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. అందరూ చేస్తున్నారన్న మాట నమ్మి మాత్రం చేరకండి. నేను అలాగే చేరాను.

డాలస్ దగ్గర ఒక ప్రాక్టీస్‌లో పూర్తి లైసెన్స్‌కి కావలసిన నా 3,000 గంటలు మొదలుపెట్టాను. నోట్స్ రాసి పంపడంతో నా పని అయిపోయిందనుకుని, బిల్లింగ్ సంగతి నెలల తరబడి అడగనేలేదు. ఒకరోజు మన తెలుగావిడే (వివరాలు కొంచెం మార్చి చెబుతున్నాను) హ్యాండ్‌బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పరిచారు. ఇన్సూరెన్స్ వాళ్లు ఇంటికి పంపిన ఈఓబీ అది, అంటే ఏ సేవకి ఎంత చెల్లించారో చెప్పే కాగితం. ప్రొవైడర్ అన్నచోట మా సూపర్‌వైజర్ పేరుంది. ఆవిడ దాని మీద వేలు పెట్టి, "ఈవిడెవరమ్మా? నేనెప్పుడూ చూడలేదే. నా విషయాలన్నీ ఈవిడకి కూడా చెప్తున్నావా?" అన్నారు. సూపర్‌విజన్ గురించి మొదటిరోజు ఫారాల్లో సంతకం చేయించాను కానీ, నోటితో విడమరిచి చెప్పలేదు. ఇంకో రెండుసార్లు వచ్చి మానేశారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత అదే ప్లాన్ వాళ్లు నోట్స్ పంపమన్నారు. నోట్స్ కింద సంతకం నాది, క్లెయిమ్‌లో పేరు సూపర్‌వైజర్‌ది. ఇచ్చిన డబ్బంతా వెనక్కి తీసుకున్నారు.

చిక్కంతా ఒక్క గడిలో ఉంది. ఇన్సూరెన్స్‌కి పంపే క్లెయిమ్ ఫారం సీఎంఎస్ 1500లో 24జే గడి అంటే రెండరింగ్ ప్రొవైడర్, అంటే సేవ అందించిన మనిషి. 33వ గడిలో ఉండేది డబ్బు అందుకునే ప్రాక్టీస్. ప్లాన్ అనుమతి లేకుండా 24జేలో సూపర్‌వైజర్ ఎన్‌పీఐ వేస్తే, ఆ సెషన్ ఆవిడే చేసినట్టు రాసిచ్చినట్టే. కొన్ని ప్లాన్లు ఒక మోడిఫయర్ (సర్వీస్ కోడ్ పక్కన వేసే చిన్న కోడ్) జోడించి అలా వేయమనే చెబుతాయి, కొన్ని అసోసియేట్‌కే క్రెడెన్షియలింగ్ (ప్లాన్‌లో ప్రొవైడర్‌గా గుర్తింపు) ఇస్తాయి, కొన్ని పూర్తి లైసెన్స్ వచ్చేదాకా పైసా ఇవ్వవు. అందుకే ఒక్కో ప్లాన్‌ని విడిగా అడగాలి: "సెషన్ చేసేది సూపర్‌విజన్‌లో ఉన్న అసోసియేట్. 24జేలో ఎవరి ఎన్‌పీఐ వేయాలి, మోడిఫయర్ ఏది?" జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్‌లోనే చెబితే తేదీ, రిఫరెన్స్ నంబర్ రాసిపెట్టుకోండి.

మీ ప్రాక్టీస్ వాళ్లు "ఇన్సిడెంట్ టు" అన్నారంటే జాగ్రత్త. అది ఒకరు చేసిన సేవని ఇంకొకరి పేరు మీద బిల్ చేయనిచ్చే మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ల ప్రభుత్వ ఇన్సూరెన్స్) రూలు. డాక్టరో క్లినికల్ సైకాలజిస్టో ముందు తాము చూసి, ట్రీట్‌మెంట్ ప్లాన్ వేసి, తర్వాత కూడా ఆ కేసును పట్టించుకుంటూ ఉన్నప్పుడే పనికొస్తుంది. ప్రైవేటు ప్లాన్లన్నిటికీ అదే వర్తిస్తుందనుకుని వాడేస్తుంటారు, అక్కడే దెబ్బ తింటారు. 2024 జనవరి 1 నుంచి కౌన్సెలర్లు మెడికేర్‌కి నేరుగా బిల్ చేయొచ్చు కానీ, అది గంటలు పూర్తిచేసి పూర్తి లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకే.

ఏ ప్లానూ ఒప్పుకోకపోతే స్లైడింగ్ స్కేల్ (ఆదాయాన్ని బట్టి ఫీజు) మీద క్యాష్ తీసుకోవచ్చు. 2022 నుంచి అలాంటి క్లయింట్లకి ఖర్చు అంచనా ముందే రాసివ్వాలి. క్లయింట్ తానే ఇన్సూరెన్స్‌కి పంపుకునే వివరమైన రసీదు, అంటే సూపర్‌బిల్, ఇస్తే అందులో సెషన్ చేసినవారిగా మీ పేరు, పక్కన సూపర్‌వైజర్ పేరు, రెండూ ఉండాలి.

ఇప్పుడు నేను మొదటి సెషన్‌లోనే నా పేరు, సూపర్‌వైజర్ పేరు, ఈఓబీ మీద ఏ పేరు కనిపిస్తుందో కాగితం మీద రాసిస్తాను. ఇంకో సంగతి కూడా చెబుతాను. మనవాళ్లలో చాలామంది ఆడవాళ్లు భర్త ఉద్యోగం ఇన్సూరెన్స్ మీద ఉంటారు, ఆ ఈఓబీ మామూలుగా ఆయన పేరు మీదే ఇంటికొస్తుంది. కౌన్సెలింగ్‌కి వెళ్తున్నట్టు ఇంట్లో తెలిస్తే ప్రమాదం అన్న పరిస్థితి ఉంటే, వేరే అడ్రసుకి పంపమని ప్లాన్‌ని రాతపూర్వకంగా కోరే హక్కు హిపా (ఆరోగ్య సమాచార గోప్యత) చట్టంలో ఉంది. మొదటి క్లెయిమ్ వెళ్లకముందే ఆ మాట చెప్పాలి.