ఎనిమిది టన్నుల ఏసీ చాలే ఆఫీసుకు పదకొండు టన్నులు ఎందుకు వస్తోంది?

టెన్షన్ పడకండి సార్, మీ వాతావరణ డేటాలో తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో పై అంతస్తులో ఉన్న 1500 చదరపు అడుగుల ఆఫీసు, కూర్చునేది 20 మంది, ఏసీ లోడ్ లెక్కగట్టే హ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం 8 బదులు 11 టన్నులు చూపిస్తోందన్నారు కదా. స్పేస్‌లో ఇంటర్నల్స్ ట్యాబ్ తెరిచి, మనుషుల సంఖ్య పక్కనున్న యూనిట్ చూడండి. అక్కడ ‘పీపుల్’ బదులు ‘చదరపు అడుగులు/మనిషి’ ఉంటే, మీ 20 అంకెను సాఫ్ట్‌వేర్ ‘మనిషికి 20 చదరపు అడుగులు’ అనుకుని 75 మందిగా లెక్కిస్తుంది. 55 మంది అదనం! ఆఫీసు పని చేసే మనిషికి గంటకు 450 బీటీయూ (వేడి కొలత; గంటకు 12,000 అయితే ఒక టన్ను) చొప్పున చూసినా, అదే రెండు టన్నులు దాటుతుంది. మనిషికి ఇంత అని ఇచ్చిన ఫ్రెష్ ఎయిర్ కూడా దాంతోపాటే పెరుగుతుంది. నేనూ మొదట్లో ఇదే తప్పు చేసి రెండు రోజులు గోడల వివరాలు వెతికాను.

ఇది సరిచేశాక రూఫ్ చూడండి. మన ఎండకు పై అంతస్తులో అసలు భారం అదే. స్లాబ్ మీద ఇన్సులేషన్ వేస్తున్నట్లయితే ఆ పొర కచ్చితంగా ఎంటర్ చేయాలి. స్లాబ్ వేడిని ఆలస్యంగా వదులుతుంది కాబట్టి పీక్ (లోడ్ గరిష్ఠంగా ఉండే సమయం) సాయంత్రం వైపు జరిగినా కంగారు వద్దు.

హీటింగ్ లోడ్‌ను (చలికి గదిని వేడిచేసే లెక్కను) ఇక్కడ పట్టించుకోనక్కర్లేదు. కానీ ‘ఎందుకైనా మంచిది’ అని చివర్లో వచ్చిన టన్నులకు ఇంకో 20 శాతం మాత్రం కలపకండి. ఏసీ మెషీన్ మరీ పెద్దదైతే త్వరత్వరగా ఆగిపోతుంది, వానాకాలంలో గదిలో తేమ అలాగే ఉండిపోతుంది. ఈ మార్పులు చేసి మళ్లీ రన్ చేశాక వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి, చూద్దాం.