బ్రీడింగ్ బర్డ్ సర్వే: పక్షులన్నీ 100 మీటర్ల అవతలి గడిలోనే పడుతుంటే

బ్రిటన్‌లో జరిగే ఈ పక్షుల లెక్కింపులో ఒక గీత వెంట నడుస్తూ, కనిపించిన, వినిపించిన పక్షులను దూరాన్ని బట్టి ఫారంలోని గడుల్లో రాస్తారు. మీ ఫారంలో పక్షులన్నీ 100 మీటర్ల అవతలి గడిలోకే వెళ్తున్నాయంటే, బహుశా మీరు నిలబడ్డ చోటి నుంచి దూరం అంచనా వేస్తున్నారు. చూడాల్సింది మీరు నడిచే గీత నుంచి పక్షికి ఉన్న లంబదూరం. చాలామంది తప్పేది ఇక్కడే.

ఉదాహరణకు, మీరు నడుస్తున్న 200 మీటర్ల సెక్షన్‌లోనే (గీతలో ఒక భాగం) మీకు 110 మీటర్లు ముందు, గీతకు 15 మీటర్ల పక్కన పొదలో రాబిన్ కూసిందనుకోండి. అది 0–25 మీటర్ల గడిలోకే వెళ్తుంది.

1. పక్షిని మొదట గమనించిన చోటునే లెక్కలోకి తీసుకోండి. మీ అలికిడికి అది పక్కకు జరిగితే ఆ కొత్త చోటు వద్దు.
2. పైనుంచి ఎగిరిపోయేవి 'ఎగురుతున్నవి' గడిలోకి. పాడుతూ గాల్లో నిలిచిన స్కైలార్క్, వేటాడుతున్న కెస్ట్రెల్ మాత్రం దూరం గడిలోకే.
3. ఈ ఏటి పిల్లలను కలపకండి, పెద్ద పక్షులే.